కడ్డీ మార్చాను

సస్కాచెవాన్‌లో జనవరి. బయట మైనస్ ముప్పై నాలుగు.
బేస్‌మెంట్ ఆఖరి మెట్టు మీదే నా బూట్లకు తడి తగిలింది.
"కొన్నాళ్లుగా లోపల మరమరాలు వేగుతున్నట్టు చప్పుడు.
ఇవాళ వచ్చేసరికి ఇదీ," అంది మరీబెల్ దిమగిబా,
వృద్ధాశ్రమం నైట్ డ్యూటీ యూనిఫాం ఇంకా విప్పకుండానే.
ఇలోఇలోకి పంపాలని సర్దిన అట్టపెట్టె
అడుగు నానిపోయి కూలబడింది:
తువ్వాళ్లు, కాఫీ పొడి, చాక్లెట్లు, మేనకోడలికి కొన్న బూట్లు.

ఇక్కడివి బోరు నీళ్లు. కంటికి తేటే.
పరీక్ష కాగితం ముంచితే మాత్రం సిగ్గుపడ్డట్టు ఎర్రబడుతుంది.
కెటిల్ అడుగున పెంకు, తెల్ల చొక్కాలకు టీ రంగు,
సబ్బు అరిగినా నురగ రాదు.
ఆ నీళ్లు కాగే ట్యాంకులో
నిలువునా ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడుతుంది.
దాని ఉద్యోగం తుప్పుకి తిండి కావడం.
అది ఉన్నంతకాలం తుప్పు ఉక్కు జోలికి పోదు.
"ఇందులో కవిత్వం వెతక్కు," అనేవాడు మా మేస్త్రీ వాల్టర్ కూజియాక్,
"ముప్పై డాలర్ల సామాను. అయిదేళ్లకోసారి మార్చు. బిల్లు రాయి."

టార్చి వేశాను. ట్యాంకు ఒంటి మీద
నల్ల మార్కరుతో గొలుసుకట్టు రాత.
ఎల్సీ ఫ్రీసెన్, ఈ ఇల్లమ్మి వెళ్లిన పంతులమ్మ.
తొంభై తొమ్మిది, అక్టోబరు. కొత్తది.
రెండువేలు. రెండు బకెట్లు వదిలాను. అడుగున ఇసుక.
నాలుగు. మూడు బకెట్లు. మోకాలు నొప్పి.
దాని కింద, విడివిడి అక్షరాల్లో, ఇంకో చెయ్యి:
ఆరు, నవంబరు. కడ్డీ మార్చాను. డి. ఎల్.

డి. ఎల్. అంటే డెనీస్ లప్లాంట్.
అంటే నేను.

అప్పుడు నాకు ఇరవై రెండు. శుక్రవారం, చీకటి పడింది.
నూనె పోశాను, రెంచికి పైపు తొడిగి వేలాడాను.
ట్యాంకే తిరగబోయింది గానీ నట్టు తిరగలేదు.
వాల్టర్‌కి ఫోన్ చేస్తే
"ఆడపిల్లను పెట్టుకున్నందుకు నాకిదే కావాలి" అంటాడని భయం.
అనేవాడు కాదేమో. అడుగుదామంటే ఇప్పుడు లేడు.
కొత్త కడ్డీ వ్యాన్లోనే ఉండిపోయింది.
మార్కరు ఆవిడే అందించింది,
"నువ్వే రాయమ్మా, నీ పని కదా," అని.
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.
అతికింది. టేపు కూడా చుట్టక్కర్లేకపోయింది.

నా వాక్యం కింద మళ్లీ గొలుసుకట్టు.
ఏడు. రెండు బకెట్లు.
ఎనిమిది. రెండు బకెట్లు. కొత్త కడ్డీ బాగా పనిచేస్తున్నట్టుంది.
తొమ్మిది. పది.
పదకొండు. ఒకటిన్నర బకెట్టు.
ఆ "న్న" దగ్గర చెయ్యి వణికింది.
ఆ తర్వాత ఖాళీ రేకు.

ట్యాంకు వదిలితే ముందు ఎర్రనీళ్లు,
వెనక గుడ్డుపెంకుల్లా సున్నం.
పొడుగు బార్ తగిలించి ఒళ్లంతా మోపాను.
నట్టు కీచుమని తిరిగింది.
కడ్డీ లేదు. సైకిల్ చువ్వంత తీగ,
దాని కొసన ఏదో ముద్ద.

"పాతదైపోయింది, అంతే కదా?" అంది మరీబెల్.
నీళ్లు నమిలాను.
పదహారేళ్ల ట్యాంకు. ఎవరైనా అవుననే అంటారు.
సగం నిజం కూడా.

"ఆ రాత నాది," అన్నాను. "మార్చలేదు."

తడిసిన కాఫీ పొట్లం చేతిలో తిప్పుతూ
ఆమె నన్ను కాదు, రాతను చూసింది.
చాలాసేపటికి అంది:
"కొత్తదాంట్లో కడ్డీ నా ముందే విప్పి చూపించు."

మధ్యాహ్నం చూపించాను. బొటనవేలంత లావు, మెరుస్తూ.
వంగి, వేలితో తాకి, సరేనంది.
బిల్లులో కూలి రాయలేదు. ఎందుకని అడగలేదు.
తేదీ తనే రాసుకుంది, నాకు రాని తన భాషలో,
చిన్న అక్షరాల్లో, రెండు వరసలు.
మార్కరు నా చేతికివ్వలేదు.